మడ అడవుల పునరుద్ధరణ: గోదావరి నదీముఖం, ఉత్తర తెలంగాణ పరీవాహకం

నిర్వచనం, పరిధి

సముద్రపు పోటుకు మునిగి, పాటుకు తేలే బురద నేలల్లో ఉప్పునీటిని తట్టుకుని పెరిగే చెట్లు, పొదల సముదాయాన్ని మడ అడవి అంటారు. నదులు సముద్రంలో కలిసే మొగల దగ్గర, అలల తాకిడి తక్కువగా ఉండే అఖాతాల్లో ఇవి ఏర్పడతాయి. నరికివేత, పశువుల మేత, రొయ్యల చెరువుల తవ్వకం, నీటి ప్రవాహంలో మార్పు వంటి కారణాలతో పాడైన మడ నేలలో చెట్లు తిరిగి నిలదొక్కుకునే స్థితిని కల్పించడమే మడ అడవుల పునరుద్ధరణ. మొక్కలు నాటడం ఇందులో ఒక అంగం మాత్రమే. పోటునీరు లోపలికి వచ్చి వెనక్కి పోయే దారి, నది తెచ్చే ఒండ్రు, మంచినీరు, అడవి మీద ఆధారపడిన కుటుంబాల ఆదాయం అనే వాటిని సరిచేయకుండా నాటిన మొక్కలు సాధారణంగా ఎక్కువ కాలం నిలవవు.

ఆంధ్రప్రదేశ్‌లోని గోదావరి నదీముఖంలో జరిగిన పునరుద్ధరణ ఈ వ్యాసంలో ప్రధాన విషయం. కృష్ణా డెల్టా, ఒడిశా, తమిళనాడు అనుభవాలు పోలిక కోసం ప్రస్తావనకు వస్తాయి. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకు సముద్రతీరం లేదు. అయితే డెల్టాను నిర్మించిన నది ఈ రెండు జిల్లాల సరిహద్దుగా ప్రవహిస్తుంది. అక్కడి ఆనకట్టలు, నేలలు, నీటి వినియోగం మడ అడవికి చేరే బురదను, మంచినీటిని ప్రభావితం చేస్తాయి. అందువల్ల తీర రక్షణ చర్చను తీరానికే పరిమితం చేస్తే అది అసంపూర్ణమవుతుంది.

భౌగోళిక నేపథ్యం

మహారాష్ట్రలోని త్ర్యంబకం దగ్గర పుట్టే గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు, పరీవాహక ప్రాంతం సుమారు 3.12 లక్షల చదరపు కిలోమీటర్లు. మంజీర కలిసే కందకుర్తి దగ్గర నది తెలంగాణలోకి వస్తుంది. బాసర, శ్రీరాంసాగర్ జలాశయం, ధర్మపురి, ఎల్లంపల్లి, మంథని మీదుగా కాళేశ్వరం చేరుతుంది. ఈ దారిలో ఎడమ వైపు నుంచి కడెం, కుడి వైపు నుంచి మానేరు కలుస్తాయి. ఆదిలాబాద్ సరిహద్దున పారే పెన్‌గంగ వార్ధాలో కలుస్తుంది. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహితగా మారి కాళేశ్వరం దగ్గర గోదావరిని చేరతాయి. ప్రాణహిత ఉపపరీవాహకం ఒక్కటే మొత్తం గోదావరి పరీవాహకంలో దాదాపు మూడో వంతు. మరికొంత దిగువన ఇంద్రావతి కలుస్తుంది. 2016 అక్టోబరులో జిల్లాలను పునర్వ్యవస్థీకరించిన తర్వాత ఈ నదీమార్గం నిర్మల్, జగిత్యాల, మంచిర్యాల, పెద్దపల్లి, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల పరిధిలోకి వచ్చింది.

ధవళేశ్వరం దిగువన నది గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. గౌతమి నుంచి విడిపోయిన కోరింగ, గాడేరు పాయలు కాకినాడ అఖాతం వైపు సాగుతూ మడ అడవికి నీటిని, ఒండ్రును అందిస్తాయి. ఒండ్రు, ఇసుక పేరుకుని ఏర్పడిన హోప్ ఐలాండ్ అనే పొడవైన ఇసుక తిన్నె అఖాతాన్ని బహిరంగ సముద్రపు అలల నుంచి కాపాడుతోంది. 2021 భారత అటవీ స్థితి నివేదిక ప్రకారం దేశంలో మడ అడవుల విస్తీర్ణం 4,992 చదరపు కిలోమీటర్లు. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 405 చదరపు కిలోమీటర్లు. ఇందులో అధిక భాగం గోదావరి, కృష్ణా డెల్టాల్లోనే ఉంది.

చరిత్ర

కోరింగ ఒకప్పుడు నౌకా నిర్మాణానికి పేరుపొందిన రేవు. 1789, 1839 సంవత్సరాల తుపానులు దాన్ని దెబ్బతీశాయి. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847-1852 మధ్య నిర్మించిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టా వ్యవసాయ స్వరూపాన్ని మార్చింది. నది నీరు పొలాల వైపు మళ్లడంతో వేసవిలో మొగలకు చేరే మంచినీరు తగ్గింది. అటవీ శాఖ చాలాకాలం మడ అడవిని కూపులుగా విభజించి, వంట చెరకు కోసం వంతులవారీగా నరికించింది. నరికిన చోట ఎండకు గురైన బురద కుంగి పళ్లెం ఆకారం దాల్చింది. అందులో నిలిచిన పోటునీరు ఆవిరై ఉప్పు పేరుకోవడంతో విత్తనాలు మొలకెత్తలేదు. కూపు నరికివేత వదిలిన ఈ నష్టం తర్వాతి పునరుద్ధరణ పనులకు ముఖ్య లక్ష్యమైంది.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన తుపానులో అధికారిక అంచనా ప్రకారమే సుమారు పది వేల మంది చనిపోయారు. 1978 జులైలో కోరింగ వద్ద 235.7 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. కృష్ణా డెల్టాలోని మడ అడవికి 1989లో అదే హోదా లభించింది. 1990లలో రొయ్యల సాగు తీరమంతా విస్తరించింది. తీర నియంత్రణ మండలంలోని రొయ్యల చెరువుల తొలగింపును ఆదేశిస్తూ సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న ఎస్. జగన్నాథ్ కేసులో తీర్పు ఇచ్చింది. అదే ఏడాది నవంబరు 6న కాకినాడ దక్షిణాన తీరం దాటిన తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. ఈ కాలంలోనే ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, స్థానిక గ్రామాలు కలిసి ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, ఒడిశాల్లో ఉమ్మడి మడ అడవుల నిర్వహణను ప్రారంభించాయి.

2004 డిసెంబరు 26 నాటి సునామీ తర్వాత మడ అడవుల పునరుద్ధరణ ప్రభుత్వ విధానాల్లో స్థిరమైన చోటు సంపాదించింది. 2010 దశకంలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సహకారంతో తూర్పు గోదావరి నదీముఖ ఆవరణ వ్యవస్థ మీద ఒక ప్రాజెక్టు నడిచింది. దాని కొనసాగింపు కోసం ఈగ్రీ ఫౌండేషన్ ఏర్పడింది. 2023-24 కేంద్ర బడ్జెట్ 'మిష్టి' పథకాన్ని ప్రకటించింది. తొమ్మిది రాష్ట్రాలు, నాలుగు కేంద్రపాలిత ప్రాంతాల్లో ఐదేళ్లలో 540 చదరపు కిలోమీటర్ల మేర మడ అడవుల పెంపకం, పునరుద్ధరణ దీని లక్ష్యం. ఉపాధి హామీ, ప్రత్యామ్నాయ అటవీకరణ నిధులను కలిపి వాడుకునే వీలును ఇందులో కల్పించారు.

జాతులు, వాటి స్థానాలు

గోదావరి మడ అడవిలో విస్తారంగా కనిపించేవి తెల్ల మడ, నల్ల మడ, తిల్ల. తెల్ల మడ ఎక్కువ ఉప్పును తట్టుకుంటుంది. బురదలోంచి పైకి నిటారుగా లేచే శ్వాస వేళ్ల ద్వారా గాలి తీసుకుంటుంది. ఉప్పుపొన్న కాలువ గట్ల వెంట ఊత వేళ్లతో నిలబడుతుంది. దాని విత్తనం చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, పొడవైన మొలకగా నీటిలోకి జారుతుంది. తిల్ల పాలు కంట్లో పడితే తాత్కాలికంగా చూపు పోతుంది కాబట్టి దాన్ని నరికేవారు జాగ్రత్త పడతారు. గుగ్గిలం, ఆల్చి, ఇలకూర వంటి పొదలు, మొక్కలు అడవి అంచుల్లో పెరుగుతాయి. మంచినీరు తగ్గి నేలలో ఉప్పు పెరిగే కొద్దీ రకరకాల జాతుల స్థానంలో తెల్ల మడ ఒక్కటే మిగిలే ధోరణి కనిపిస్తుంది. కాబట్టి పచ్చదనం విస్తీర్ణం మారకపోయినా అడవి నాణ్యత తగ్గే అవకాశం ఉంది. ఉపగ్రహ చిత్రాల్లోని విస్తీర్ణంతో పాటు జాతుల కూర్పును కూడా లెక్కలోకి తీసుకోవాల్సిన కారణం ఇదే.

తీర రక్షణ: పనిచేసే తీరు, రుజువులు

వేళ్లు, కాండాలు, కొమ్మలు నీటి వేగాన్ని అడ్డుకోవడం వల్ల అల శక్తి తగ్గుతుంది. నెమ్మదించిన నీటిలోని బురద వేళ్ల మధ్య అడుగుకు చేరి నేల మట్టాన్ని పెంచుతుంది. వంద మీటర్ల వెడల్పున్న మడ అడవి గాలి అలల ఎత్తును 13 నుంచి 66 శాతం వరకు తగ్గించగలదని వివిధ దేశాల క్షేత్ర పరిశీలనలను క్రోడీకరించిన సమీక్షలు చెబుతున్నాయి. తుపాను ఉప్పెన విషయంలో ఈ ప్రభావం పరిమితం. కిలోమీటరు వెడల్పున్న అడవి ఉప్పెన మట్టాన్ని తగ్గించేది 5 నుంచి 50 సెంటీమీటర్ల మేరకే. కాబట్టి రోజువారీ అలల కోతను ఆపడానికి సన్నని మడ పట్టీ కొంత పనికొస్తుంది. ఉప్పెన తీవ్రతను చెప్పుకోదగినంత తగ్గించాలంటే కిలోమీటర్ల వెడల్పున్న అడవి కావాలి.

దేశంలో దీనికి బలమైన రుజువు ఒడిశా నుంచి వచ్చింది. 1999 అక్టోబరు నాటి పెను తుపాను తాకిన కేంద్రపడా జిల్లాలోని 409 గ్రామాల వివరాలను సౌదామిని దాస్, జెఫ్రీ విన్సెంట్ విశ్లేషించి 2009లో ప్రచురించారు. సముద్రానికి దూరం వంటి ఇతర అంశాల ప్రభావాన్ని మినహాయించి చూసినా, సముద్రానికీ ఊరికీ మధ్య వెడల్పైన మడ అడవి ఉన్న గ్రామాల్లో మరణాలు తక్కువగా నమోదయ్యాయి. ముందస్తు హెచ్చరిక కాపాడిన ప్రాణాలు మడ అడవి కాపాడిన వాటికన్నా ఎక్కువని కూడా అదే అధ్యయనం తేల్చింది. సునామీ సమయంలో తమిళనాడు గ్రామాల మీద వచ్చిన తొలి అధ్యయనాలపై విమర్శలు వచ్చాయి. ఊరి ఎత్తు, దూరం వల్ల కలిగిన మేలును చెట్ల ఖాతాలో వేశారన్నది వాటి సారాంశం. ఈ చర్చ మొత్తం చూస్తే మడ అడవి నష్టాన్ని తగ్గించే ఒక పొర మాత్రమేనని తేలుతుంది. తుపాను హెచ్చరికకు, సురక్షిత భవనాలకు అది ప్రత్యామ్నాయం కాదు.

పునరుద్ధరణ పద్ధతులు

పళ్లెంలా కుంగిన నేలల్లో స్వామినాథన్ సంస్థ చేప ముల్లు ఆకారపు కాలువల పద్ధతిని అనుసరించింది. సహజమైన ఏటి పాయ నుంచి ఒక ప్రధాన కాలువను, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలువలను తవ్వుతారు. పోటునీరు వీటి ద్వారా లోపలికి చేరి, పాటు సమయంలో పేరుకున్న ఉప్పుతో సహా బయటికి పోతుంది. నేలలో ఉప్పు తగ్గి తడి నిలిచిన తర్వాత కాలువ గట్ల వెంట తెల్ల మడ, ఉప్పుపొన్న మొలకలు నాటుతారు. చుట్టుపక్కల తల్లి చెట్లు ఉంటే పోటు మోసుకొచ్చిన విత్తనాలు వాటంతట అవే మొలుస్తాయి. ఈ కాలువలు పూడిపోకుండా ఏటా పూడిక తీయాల్సి ఉంటుంది. ఆ పని ఎవరిది, కూలి ఎవరిస్తారు అన్నది తవ్వకానికి ముందే తేలకపోతే కొన్నేళ్లలో నేల పాత స్థితికి చేరే ప్రమాదం ఉంది.

రెండో పద్ధతిలో వదిలేసిన రొయ్యల చెరువుల గట్లకు గండ్లు కొట్టి పోటునీటిని తిరిగి రానిస్తారు. భూమి యాజమాన్యం తేలనిచోట ఇది కష్టం. మూడోది నదీముఖంలో కొత్తగా తేలిన బురద మేటల మీద నాటడం. ఇందులో తరచుగా పొరపాట్లు జరుగుతాయి. రోజులో ఎక్కువ సేపు నీటిలో మునిగే లోతట్టు బురదలో మొలకలు బతకవు. పైగా అవి వలస పక్షులు మేత వెతుక్కునే చోట్లు. అక్కడ నాటితే అడవి రాకపోగా ఉన్న ఆవాసం చెదురుతుంది. సంవత్సరానికి ఎన్ని మొక్కలు నాటారన్న లెక్క కంటే ఏ మట్టంలో, ఎన్ని గంటలు మునిగే నేలలో నాటారన్న వివరం ముఖ్యం.

ఒండ్రు, మంచినీరు: ఎగువ ప్రాంతాల పాత్ర

డెల్టా నేల సహజంగానే నెమ్మదిగా కుంగుతుంది, సముద్ర మట్టం పెరుగుతోంది. కొత్త ఒండ్రు ఈ రెండింటినీ భర్తీ చేసినంత కాలమే తీరం నిలుస్తుంది. గోదావరి డెల్టాకు చేరే ఒండ్రు 1970లతో పోలిస్తే 1990లకే సగానికి పైగా తగ్గిందని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. 1970ల నడుమ నుంచి పాతికేళ్లలో డెల్టా అంచున సుమారు 1,800 హెక్టార్ల నికర భూనష్టం జరిగిందని, మడ నేలలూ అందులో ఉన్నాయని వారి అంచనా. తగ్గిన ఒండ్రులో కొంత భాగం ఎక్కడ ఆగిందో ఉత్తర తెలంగాణలో కనిపిస్తుంది. 1963లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ జలాశయం అసలు సామర్థ్యం 112 టీఎంసీలు. పూడిక వల్ల అది 90 టీఎంసీల దగ్గరికి తగ్గినట్టు సర్వేలు తేల్చాయి. తర్వాతి సర్వేలో ఇంకా తగ్గింది. 22 టీఎంసీలంటే దాదాపు 60 కోట్ల ఘనపు మీటర్లు. ఆ మట్టి అంతా డెల్టాకు చేరేదని చెప్పలేం, కొంత దారిలోని లంకల్లోనే మేట వేసేది. అయినా లోటు పరిమాణం ఎంతో దీనివల్ల అర్థమవుతుంది.

ఒండ్రు నాణ్యతా ముఖ్యమే. దక్కను నల్లరేగడి నేలల నుంచి వచ్చే సన్నని బంకమట్టి నీటిలో తేలుతూ చాలా దూరం పోతుంది. మడ చెట్లకు కావలసింది ఇటువంటి మెత్తని బురదే. ఆదిలాబాద్ పీఠభూమి, పెన్‌గంగ, వార్ధా లోయలు ఈ నేలలకు నెలవు. ప్రధాన నది మీద జాయక్వాడి, శ్రీరాంసాగర్, ఎల్లంపల్లి జలాశయాలు ఉండగా, ప్రాణహిత, ఇంద్రావతి ప్రధాన ప్రవాహాల మీద అంత పెద్ద జలాశయాలు లేవు. అందువల్ల ఇప్పుడు డెల్టాకు చేరే వరద నీటిలో వీటి పాత్ర పెద్దది. కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో 2019లో ప్రారంభమైన మేడిగడ్డ బ్యారేజీ ప్రాణహిత సంగమం దిగువన ఉంది. 2023 అక్టోబరులో పియర్లు కుంగిన తర్వాత అందులో నీటి నిల్వ నిలిపేశారు. దిగువన పోలవరం పూర్తయితే ఈ ఉపనదుల ఒండ్రుకు కూడా అడ్డు ఏర్పడుతుంది. కాబట్టి మడ పునరుద్ధరణకు కాలపరిమితిని, విస్తీర్ణాన్ని నిర్ణయించేటప్పుడు ఎగువ జలాశయాల నిర్వహణను ముందుగా లెక్కించాలి.

జీవనోపాధి

మడ అడవి కాలువలు మండపీతలకు, రొయ్యలకు, అనేక చేపల పిల్లలకు పెరిగే చోట్లు. కోరింగ పరిసర గ్రామాల మత్స్యకారులు ఈ కాలువల్లో వల వేస్తారు, పీతలు పడతారు, గుల్లలు ఏరతారు. వంట చెరకు, పశువుల మేత, ఇంటి కలప కూడా ఇక్కడి నుంచే వచ్చేవి. అభయారణ్యం నిబంధనలు ఈ వాడుకను కట్టడి చేశాయి. అడవిని కాపాడే భారం పేద కుటుంబాల మీద, ముఖ్యంగా కట్టెలు తెచ్చే స్త్రీల మీద పడింది. ఉమ్మడి నిర్వహణ ఈ భారాన్ని పంచుకోవడానికి వచ్చిన ఏర్పాటు. 1992లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేపట్టిన ఉమ్మడి అటవీ నిర్వహణలో వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి. ఆదిలాబాద్ టేకు అడవుల అంచు గ్రామాల్లో ఇవి పెద్ద సంఖ్యలో వెలిశాయి. ప్రతి కుటుంబం నుంచి ఒక స్త్రీ, ఒక పురుషుడు సభ్యులుగా ఉండే ఆ నమూనానే తీరంలో మడ అడవులకు అనువుగా మార్చుకున్నారు. అభయారణ్యం పరిధిలో పర్యావరణ అభివృద్ధి కమిటీలు ఇదే పని చేస్తాయి.

ఆదాయ మార్గాలు నాలుగు రకాలు. కాలువల తవ్వకం, పూడికతీత, నారు పెంపకం కూలి మొదటిది. ఇది త్వరగా అందుతుంది, పని అయిపోగానే ఆగిపోతుంది. రెండోది పీతల పెంపకం, చెరువు గట్ల మీద మడ చెట్లు పెంచుతూ చేపలు సాగు చేసే సమగ్ర పద్ధతి. మూడోది కోరింగలో చెక్క వంతెనల నడక దారి, పడవ ప్రయాణాల మీద నడిచే పర్యాటకం. నాలుగోది మెరుగైన పొయ్యిలు, వంట గ్యాస్ వంటి వాటితో కట్టెల అవసరం తగ్గించడం. పర్యాటక ఆదాయం దారి పక్క గ్రామాలకు ఎక్కువగా, లోపలి మత్స్యకార పల్లెలకు తక్కువగా అందే అవకాశం ఉంది. అందుకే వేట హక్కుల రక్షణ, అడవి నుంచి చట్టబద్ధంగా తెచ్చుకునే వాటా అన్నవి పర్యాటకం కన్నా గట్టి పునాది.

అభ్యంతరాలు, వాటి పరిశీలన

రాతి గోడ కడితే సరిపోతుందన్నది మొదటి అభ్యంతరం. అలలు నేరుగా కొట్టే ఇసుక తీరాల్లో, ఇప్పటికే ఇళ్లు కోతకు గురవుతున్న ఉప్పాడ వంటి చోట్ల మడ మొక్కలు నిలవవు. అక్కడ కట్టడాలు అవసరమే. అయితే ఉప్పాడలో వేసిన జియోట్యూబు గోడ అలలకు దెబ్బతిన్నది. గోడ ఒండ్రును సృష్టించదు, కోతను పక్క ఊరికి మళ్లించే ప్రమాదమూ ఉంది. బురద తీరంలో మడ, ఇసుక తీరంలో తిన్నెల రక్షణ, జనం చిక్కుకున్న చోట కట్టడం అన్న విభజన సాంకేతికంగా సమంజసం.

ఎగువ రైతు నీళ్లు వదులుకోవాలా అన్నది రెండో అభ్యంతరం. శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువ కరీంనగర్‌కు, సరస్వతి కాలువ నిర్మల్ ప్రాంతానికి సాగునీరు ఇస్తున్నాయి. ఈ అవసరాన్ని తక్కువ చేయలేం. పొలాల పైమట్టి కొట్టుకుపోవడం డెల్టాకు మేలని వాదించడమూ సరికాదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువు పూడికను పొలాలకు తోలడం రైతుకు లాభమే. ఇక్కడ పరిశీలించాల్సింది పెద్ద జలాశయాల గేట్ల సమయం. ఒండ్రు తొలి వరదల్లో ఎక్కువగా వస్తుంది. ఆ రోజుల్లో గేట్లు కొంతకాలం తెరిచి ఉంచి, తేట నీటిని తర్వాత నింపుకుంటే నిల్వ సామర్థ్యం కూడా ఎక్కువ కాలం మిగులుతుంది. అంటే డెల్టా ప్రయోజనం, జలాశయం కింద సాగుచేసే రైతు దీర్ఘకాలిక ప్రయోజనం పూర్తిగా విరుద్ధమైనవి కావు. వర్షాభావ సంవత్సరంలో మాత్రం తొలి వరదను వదిలితే జలాశయం నిండకపోవచ్చు. అటువంటి ఏడాదికి మినహాయింపు ముందే రాసుకోవాలి. గేట్ల తేదీలు ముందే నిర్ణయించడం ఈ నది మీద కొత్త కాదు. మహారాష్ట్రలోని బాబ్లీ బ్యారేజీ గేట్లను ఏటా జులై 1 నుంచి అక్టోబరు 28 వరకు తెరిచి ఉంచాలని సుప్రీంకోర్టు 2013లో నిర్దేశించింది. అది నీటి వాటా కోసం ఇచ్చిన తీర్పు అయినా, రాష్ట్రాల మధ్య కాలబద్ధమైన గేట్ల నిర్వహణ సాధ్యమని చూపింది.

రక్షణ పేరుతో మత్స్యకారులను వెళ్లగొడుతున్నారన్నది మూడోది. అభయారణ్య చట్టం కఠినంగా అమలైన చోట ఈ ఫిర్యాదులో నిజముంది. మరోపక్క రొయ్యల చెరువులు, ఇళ్ల స్థలాలు, రేవు అవసరాల కోసం మడ నేల పోయినప్పుడు నష్టపోయేదీ వారే. 2019 తీర నియంత్రణ ప్రకటన మడ అడవులను అత్యంత సున్నిత మండలంలో చేర్చింది. వెయ్యి చదరపు మీటర్లకు మించిన మడకు 50 మీటర్ల రక్షణ పట్టీని నిర్దేశించింది. ఈ నిబంధనను పెద్ద భూ మార్పిడుల మీద గట్టిగా, సంప్రదాయ వేట మీద సడలింపుతో అమలు చేస్తే అభ్యంతరానికి చాలావరకు సమాధానం దొరుకుతుంది.

ప్రాముఖ్యం, అంచనా ప్రమాణాలు

మడ నేల బురదలో కర్బనాన్ని దీర్ఘకాలం నిల్వ ఉంచుతుంది. నీటి కాలుష్యాన్ని కొంత వడకడుతుంది. నీటి పిల్లి వంటి అరుదైన జంతువులకు ఆశ్రయమిస్తుంది. అయినా పునరుద్ధరణకు ప్రజా ధనం వెచ్చించడానికి ప్రధాన కారణాలు తీర రక్షణ, జీవనోపాధి కాబట్టి ఫలితాలను కూడా ఆ రెండింటితోనే కొలవాలి. నాటిన మొక్కల సంఖ్య చాలదు. ఐదేళ్ల తర్వాత బతికిన శాతం, సహజంగా మొలిచిన మొక్కలు, నేలలో ఉప్పు, తీరరేఖ కదలిక, పీతల పట్టుబడి, స్త్రీల ఆదాయం గమనించాలి. వీటికి పోలవరం దగ్గర నమోదయ్యే ఒండ్రు పరిమాణం, శ్రీరాంసాగర్, ఎల్లంపల్లి జలాశయాల పూడిక సర్వేలు తోడు కావాలి. పూడిక లెక్కలు నీటిపారుదల శాఖ దగ్గర, మడ విస్తీర్ణ లెక్కలు అటవీ శాఖ దగ్గర విడివిడిగా ఉంటాయి. ఆ రెండు శాఖలు ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో ఉన్నాయి. గోదావరి జలాల నిర్వహణకు రాష్ట్ర విభజన చట్టం కింద ఏర్పడిన బోర్డు పరిధిలో ఈ రెండు లెక్కలనూ కలిపి ఏటా ప్రచురించడం ఎక్కువ ఖర్చు లేని మొదటి చర్య. దాని ఆధారంగానే ఏ మొగ దగ్గర పునరుద్ధరణ నిలుస్తుందో, ఎక్కడ నాటడం వృథానో ముందే చెప్పడం వీలవుతుంది.